మలావీ మిషన్ బడిలో ఏడాది పాఠం చెప్పబోయేవారికి

మూడు నెలలకు వెళ్లాలనుకుంటే వెళ్లకండి. ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మలావీలో బడి సంవత్సరం సెప్టెంబరులో మొదలై జూలైలో ముగుస్తుంది, మధ్యలో మూడు టర్ములు. నడుమ ఎక్కడో వచ్చి దిగిన వాలంటీరుకు చోటివ్వాలంటే హెడ్‌టీచరు అక్కడి టీచరు చేతిలోని క్లాసును తీసి ఇవ్వాలి. మీ యాసకు పిల్లల చెవి అలవాటు పడేసరికి ఒక నెల పోతుంది. మిగిలిన రెండు నెలల్లో సగం సిలబస్ చెప్పి విమానం ఎక్కేస్తే, తెగిన దారాన్ని మళ్లీ అతుక్కోవాల్సింది ఆ టీచరే. ఒక పూర్తి విద్యా సంవత్సరం ఉండగలిగితేనే మీవల్ల బడికి లాభం. అంత తీరిక లేనివాళ్లు విమానం టికెట్ డబ్బుతో ఆ బడికి పాఠ్యపుస్తకాలు కొనిస్తే అంతకన్నా మేలు జరుగుతుంది.

తెలుగు సంఘాలు సేవకు సముద్రం దాటి మనుషుల్ని పంపడం కొత్త కాదు. నెల్లూరు బాప్టిస్టులు 1903లోనే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడ కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల మధ్య పనికి పంపారు. ఇక్కడ చెబుతున్నది వేరే రకం పని: బీఈడీ చేసినవారో, రిటైరైన టీచరో వెళ్లి ఒక మిషన్ సెకండరీ స్కూల్లో లెక్కలో సైన్సో చెప్పడం. సువార్త చెప్పడానికి వెళ్తున్నామని మనసులో ఉన్నా, వెళ్లే ముందు ఒకటి తెలుసుకోవాలి. మలావీకి సువార్త వచ్చి చాలా కాలమైంది. లివింగ్‌స్టోనియా మిషన్ 1875లో, బ్లాంటైర్ మిషన్ 1876లో మొదలయ్యాయి. 2018 జనగణన ప్రకారం జనాభాలో 77 శాతానికి పైగా క్రైస్తవులు, దాదాపు 14 శాతం ముస్లింలు. మీ ఊరి సంఘం కన్నా వాళ్ల సంఘం పాతదై ఉండవచ్చు. కాబట్టి మీరు అక్కడి సంఘ పెద్దల కింద పనిచేసే టీచరు. మిషనరీ దొర వేషం అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

ఎవరు పిలుస్తున్నారు

బడులు నడిపే సంస్థల్లో పెద్దవి ప్రెస్బిటేరియన్ సంఘం, కాథలిక్ డయసిస్‌లు (ఒక్కో బిషప్ కింది ప్రాంతాలు), అడ్వెంటిస్టులు. ప్రెస్బిటేరియన్ సంఘానికి ఉత్తరాన లివింగ్‌స్టోనియా, మధ్యలో న్‌కోమా, దక్షిణాన బ్లాంటైర్ అని మూడు సినడ్‌లు, అంటే ప్రాంతీయ పాలక సభలు. ఎవరి విద్యాశాఖ వారిది. ఆహ్వానం సినడ్ లేదా డయసిస్ విద్యాశాఖ లెటర్‌హెడ్ మీద రావాలి. ఒక పాస్టరు గారు వాట్సాప్‌లో “రండి బ్రదర్” అన్నంత మాత్రాన టికెట్ కొనకండి. ఆయన మంచివారే కావచ్చు. కానీ మీ పర్మిట్‌కు ఇమ్మిగ్రేషన్ శాఖ ముందు పూచీ పడేది రిజిస్టరైన సంస్థే.

ఆహ్వాన పత్రంలో ఈ సంగతులు రాతలో ఉన్నాయా చూడండి: ఏ సబ్జెక్టు, ఏ ఫారాలు (సెకండరీ తరగతులను అక్కడ అలా అంటారు), వారానికి ఎన్ని పీరియడ్లు, ఇల్లు ఎవరిది, నీళ్లు కుళాయివా బోరింగువా, కరెంటు ఉందా, పర్మిట్ ఫీజు ఎవరు కడతారు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, మీరు ఎవరికి జవాబుదారీ. వారానికి 18 నుంచి 22 పీరియడ్లు అయితే సరిపోతుంది. పది లోపు అంటే మిమ్మల్ని అతిథిగా కూర్చోబెడతారన్నమాట. ముప్పై అంటే ఇద్దరు టీచర్ల పని మీ మీద పడుతుంది, మీరు వెళ్లగానే ఆ గోతిని పూడ్చేవాళ్లుండరు. పక్కన అదే సబ్జెక్టు చెప్పే స్థానిక టీచరు ఒకరైనా ఉన్న బడిని అడగండి.

కాగితాలు

సెప్టెంబరులో బడికి చేరాలంటే జనవరిలోనే మొదలుపెట్టాలి. పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు మిగలాలి, ఖాళీ పేజీలుండాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి తీసుకోవచ్చు. కానీ దాన్ని మరీ ముందుగా తీసుకుంటే దరఖాస్తు నాటికి పాతబడిపోతుంది. డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లకు అపోస్టిల్ ముద్ర, అంటే విదేశంలో అవి చెల్లేలా చేసే ధ్రువీకరణ, వేయించాలి. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఇక్కడే నెలలు గడుస్తాయి. ఎక్కువగా ఆగేది యూనివర్సిటీ సరిచూసి జవాబిచ్చే దగ్గర. పదో తరగతి మెమోలో, డిగ్రీలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకే తీరుగా లేకపోతే ఇప్పుడే సరిచేయించుకోండి. ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి ఇంటిపేరు, బాప్తిస్మం పేరు ఇంకోచోట. మన క్రైస్తవ కుటుంబాల్లో ఇది మామూలే, అక్కడి గుమాస్తాకు మాత్రం ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది.

సందర్శకుల వీసా మీద వెళ్లి పాఠం చెప్పడం తప్పు, జీతం లేకపోయినా తప్పే. ఉచిత సేవే కదా అనే వాదన ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు పనిచేయదు. ఏ రకం పర్మిట్ వస్తుందో పిలిచిన సంస్థను రాతపూర్వకంగా అడగండి. అది చేతికొచ్చాకే టికెట్ కొనండి. అక్కడ దిగాక లిలోంగ్వేలోని భారత హైకమిషన్‌లో పేరు నమోదు చేసుకోండి.

టీకాలు, మలేరియా మందు

మలావీకి నేరుగా విమానం లేదు. మనవాళ్లు ఎక్కువగా అడిస్ అబాబా లేదా నైరోబి మీదుగా వెళ్తారు. ఇథియోపియా, కెన్యా రెండూ ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలు. అక్కడ 12 గంటలకు మించి ఆగితే మలావీలో పసుపు కార్డు, అంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే కార్డు, అడుగుతారు. అసలు చిక్కు తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్ విషయంలో మన దేశం చాలా కఠినం. కార్డు సరిగా లేకపోతే ఆరు రోజులు క్వారంటైన్‌లో ఉంచగలరు. అందుకే అక్కడ ఆగేది రెండు గంటలే అయినా టీకా వేయించుకోండి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. రోజులు, వేళలు ముందే కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్లండి. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ కూడా చూసుకోండి. కుక్కకాటు మందు ఊళ్లలో దొరక్కపోవచ్చు కాబట్టి, పల్లెలో ఉండబోయేవారు రేబిస్ టీకా కూడా ముందుగానే వేయించుకోవడం తెలివైన పని.

మలేరియా వేరే సంగతి. మన ఊళ్లలో చలిజ్వరం వచ్చి తగ్గిపోయింది చూసినవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. మన మైదాన ప్రాంతాల్లో ఎక్కువమంది చూసినది వైవాక్స్ అనే రకం. మలావీలో దాదాపు అంతా ఫాల్సిపేరం, ఏడాది పొడవునా. అది రోజుల్లోనే మెదడుకెక్కగలదు. చిన్నప్పటి నుంచి కుట్టించుకున్న అక్కడి పెద్దవాళ్లకు కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, మనకుండదు. “వాళ్లెవరూ మందు వేసుకోవడం లేదుగా” అని మానేసినవాళ్లే మంచాన పడేది.

ముందు జాగ్రత్తకు వాడేవి మూడు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ. ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. చవక. కానీ ఎండకు చర్మం కమిలిపోతుంది, గర్భిణులకు పనికిరాదు. రాత్రి పడుకోబోతూ గుక్కెడు నీళ్లతో మింగితే గొంతు కింద గొట్టంలో పుండు పడుతుంది. భోజనంతో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట నిటారుగా ఉండండి. మెఫ్లోక్విన్ 250 మిల్లీగ్రాములు వారానికొకటి; రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, వచ్చాక నాలుగు వారాలు. పీడకలలు, ఆందోళన తెస్తుంది. మానసిక సమస్యలు, మూర్ఛ ఉన్నవాళ్లకు వద్దు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ వేసుకోవాలి, వచ్చాక ఏడు రోజులు చాలు. ఇది సుఖమైన మందు, ఖరీదైనది, ప్రతి షాపులో ఉండదు. ఏది మీకు సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. ఏది వాడినా మందు చల్లిన దోమతెర తప్పదు. దాన్ని పరుపు కింద దోపాలి. వేలాడదీసి వదిలేసిన తెర కొస నుంచి దోమ లోపలికొస్తుంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే అదే రోజు రక్తపరీక్ష. పారాసిటమాల్ వేసుకుని రేపు చూద్దాం అనుకోకూడదు. చాలా జిల్లాల్లో మిషన్ ఆసుపత్రులున్నాయి. ములాంజే, న్‌కోమా, ఎక్వెండేని, ఎంబాంగ్వేని పేర్లు అక్కడ అందరికీ తెలుసు. మీ బడికి దగ్గరిది ఏదో, రాత్రిపూట బండి ఎవరి దగ్గరుందో మొదటి వారంలోనే తెలుసుకోండి. బీమాలో వేరే దేశానికి విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. పెద్ద జబ్బులకు దక్షిణాఫ్రికా తీసుకెళ్లడం మామూలు.

ఇంకో రెండు చిన్నవి. పుట్సీ అనే ఈగ తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ పురుగు చర్మంలోకి దూరి సెగగడ్డలా లేస్తుంది. బట్టలు గడ్డి మీద ఆరేయకండి. లోదుస్తులతో సహా అన్నిటినీ రెండువైపులా, కుట్ల మీద కూడా వేడి ఇస్త్రీ చేయండి. మలావీ సరస్సు నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. అందులో ఒడ్డున రెల్లు పెరిగేచోట, నీళ్లు కదలనిచోట బిల్హార్జియా ఉంటుంది. నత్తల నుంచి వచ్చే పురుగు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. దిగకుండా ఉండగలిగితే మంచిది.

సామాను

కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మిక్సీ, ఇస్త్రీపెట్టె యథాతథంగా పనిచేస్తాయి. ప్లగ్గు మాత్రం పట్టదు. అక్కడిది మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు. పది రూపాయల బజారు అడాప్టరు ఇస్త్రీపెట్టె బరువుకు కరిగిపోతుంది. 13 ఆంపియర్ల ఫ్యూజున్న ప్లగ్గులు అక్కడే కొని పాత ప్లగ్గు కోసి బిగించుకోవడం నయం. కరెంటు కోతలు ఎక్కువ కాబట్టి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, సోలార్ దీపం, తలకు కట్టుకునే టార్చి తీసుకెళ్లండి. మూడు లీటర్ల కుక్కరు, దానికి రెండు గ్యాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు తప్పక పెట్టుకోండి. కుక్కరు చెడేది ఆ భాగాల్లోనే, ఆ సైజు విడిభాగాలు దొరకవు. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టి పడుకోవద్దు, జూన్, జూలై చలిలో ఇది ప్రాణాలు తీస్తుంది. దక్షిణాది కొండల్లో, ఉత్తరాన ఎత్తుమీద స్వెట్టరు లేకుండా గడవదు. ఆఫ్రికా అంటే ఎండేననుకుని కాటన్ చొక్కాలతో దిగినవాళ్లు మొదటి జూన్‌లో దుప్పట్లు కొనుక్కుంటారు.

పచ్చళ్లకు, కారప్పొడులకు సూట్‌కేసు నింపకండి. కంది అక్కడ ఇంటింటా పండుతుంది, అక్కడి పేరు నాండోలో. ఏడాదికి 50 వేల టన్నుల కందులు కొంటామని 2021లో మన దేశం మలావీతో ఒప్పందం కూడా చేసుకుంది. చింతపండును బ్వెంబా అంటారు, సరస్సు ఒడ్డు జిల్లాల బజార్లలో దొరుకుతుంది. మునగాకు తింటారు. తొలకరిలో ఉసిళ్లు వేయించి పెడితే మనవాళ్లు కొందరికి అమ్మమ్మ గారి ఊరు గుర్తొస్తుంది. పోపుగింజలు, ఇంగువ, ఎండు కరివేపాకు చాలు. మిగతావి బ్లాంటైర్ పక్కన లింబేలో, లిలోంగ్వే ఓల్డ్ టౌన్‌లో గుజరాతీల దుకాణాల్లో ఉంటాయి. రోజూ తినేది న్‌సిమా, అంటే తెల్ల మొక్కజొన్న పిండి ముద్ద. కుడిచేత్తోనే తింటారు, తినే ముందు చేతుల మీద నీళ్లు పోస్తారు. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లకు నేర్చుకునేది లేదు.

డబ్బు సంగతి. అక్కడి కరెన్సీ క్వాచా. 2023 నవంబరులో దాని విలువ తగ్గించడంతో క్వాచాల్లో డాలరు ధర ఒక్కసారిగా 44 శాతం పెరిగింది. అందుకే ఏడాది బడ్జెట్ డాలర్లలో వేసుకుని, క్వాచాలోకి నెలకు సరిపడా మాత్రమే మార్చుకోండి. డాలరు నోట్లు కొత్తవి, మడతలు, గీతలు లేనివి తీసుకెళ్లండి. పాత, చిన్న నోట్లకు తక్కువ ధర కడతారు. పల్లెలో కార్డు చెల్లదు. అందరూ వాడేది ఫోన్లోని ఎయిర్‌టెల్ మనీ లేదా టీఎన్‌ఎం ఎంపాంబా. పేరు ఒకటైనా మీ ఇండియా ఎయిర్‌టెల్ సిమ్ అక్కడ స్థానిక సిమ్ కాదు. బ్యాంకు ఓటీపీలు ఇక్కడి నంబరుకే వస్తాయి కాబట్టి, బయల్దేరే ముందే రోమింగ్ తెరిపించి, ఏడాదంతా ఆ నంబరు చచ్చిపోకుండా రీఛార్జి చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఇది మరచిపోయి అక్కడి నుంచి సొంత ఖాతా తెరవలేక తిప్పలు పడేవాళ్లు ఎక్కువ.

మొదటి రెండు వారాలు

దిగిన వెంటనే క్లాసు తీసుకోకండి. ముందు సంఘ పెద్ద ఒకరిని వెంటబెట్టుకుని ఊరి పెద్దను, అంటే చీఫ్‌ను కలవాలి. పంచదార, సబ్బులు వంటి చిన్న కానుక చాలు. ఇంటి ముందు నిలబడి “ఓడి” అనాలి, లోపలి నుంచి “ఓడిని” అన్నాక వెళ్లాలి. అక్కడి చిచెవా భాషలో పలకరింపు “ములి బ్వాంజి”, జవాబు “న్దిలి బ్వినో, కయా ఇను”, కృతజ్ఞతకు “జికోమో”. ఉత్తరాన తుంబుకా భాష మాట్లాడేచోట పలకరింపు “ములి ఉలి”, కృతజ్ఞతకు “యెవో”. ఎంత తొందరున్నా పలకరించకుండా పని మాట ఎత్తితే పొగరు అంటారు. ఏదైనా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులు, లేదా కుడిచేతి మోచేతి కింద ఎడమచెయ్యి. ఆడవాళ్లు మోకాళ్లు కనబడని బట్టలు కట్టుకోవాలి. చీర, చుడీదార్ రెండూ సరిపోతాయి. పైన రెండు మీటర్ల చితెంజే గుడ్డ చుట్టుకుంటే అంత్యక్రియలకూ పొలానికీ అదే.

మిమ్మల్ని “అమ్వెన్యె” అంటారు, భారతీయులకు అక్కడి పేరు. ఆ మాటతో పల్లె జనానికి తట్టేది దుకాణదారు. 1970ల చివర్లో అప్పటి అధ్యక్షుడు బండా ప్రభుత్వం ఆసియావాసుల వ్యాపారాలను పల్లెల నుంచి తీయించి బ్లాంటైర్, జోంబా, లిలోంగ్వే పట్టణాలకే పరిమితం చేసింది. అప్పటి నుంచి పల్లెవాళ్లు భారతీయుల్ని చూసేది కౌంటరు వెనకే. దుకాణం ఎక్కడ, సిమెంటు ధరెంత, అప్పిస్తారా, ఉద్యోగమిస్తారా అని అడుగుతారు. నొచ్చుకోకండి. టీచర్నని, ఫలానా సినడ్ పంపిందని ఓపిగ్గా చెప్పండి. రోజూ నడిచి బడికి వెళ్తుంటే నెలలో ఆ ప్రశ్నలు తగ్గుతాయి. పట్టణంలో గుజరాతీ కుటుంబాల దగ్గరే ప్రతి శనివారం గడిపితే తగ్గవు.

ఈ రెండు వారాల్లో చేయాల్సిన మరో పని, తోటి టీచర్ల క్లాసుల్లో వెనక కూర్చోవడం. ప్రతి టీచరూ రాయాల్సిన స్కీమ్స్ అండ్ రికార్డ్స్ ఆఫ్ వర్క్ పుస్తకం మీరూ రాయాలి. వాలంటీరుకు మినహాయింపు అడగకండి. మీరు వెళ్లాక ఆ పుస్తకమే తర్వాతి మనిషికి దారి.

క్లాసులో

చదువు క్రమం ఇది: ప్రైమరీ ఎనిమిదేళ్లు, తర్వాత ఫారం ఒకటి నుంచి నాలుగు దాకా సెకండరీ, చివర ఎంఎస్‌సీఈ పరీక్ష. నిర్వహించేది మానెబ్ అనే పరీక్షల బోర్డు. గ్రేడ్లు మనకు తలకిందులు: 1 అన్నిటికన్నా మంచిది, 9 అంటే ఫెయిల్. మొదటి స్టాఫ్ మీటింగులో “ఈ పిల్లకు ఎనిమిదొచ్చింది, బాగుంది” అంటే అందరూ నవ్వుతారు. పాత ప్రశ్నపత్రాలు మూడు నాలుగేళ్లవి సంపాదించి, మీ పాఠాన్ని వాటికి కట్టండి.

లెక్కల టీచర్లకు ముఖ్యమైన హెచ్చరిక. మనం గుణకారానికి “ఇంటూ” అంటాం. బ్రిటిష్ పద్ధతిలో “టూ ఇంటూ సిక్స్” అంటే ఆరును రెండుతో భాగించడం, జవాబు మూడు. మన నోట అదే పన్నెండు. అక్కడ గుణకారానికి “టైమ్స్” అనాలి. భిన్నాన్ని “త్రీ బై ఫోర్” అనకండి, “త్రీ ఓవర్ ఫోర్” లేదా “త్రీ క్వార్టర్స్” అనండి. లక్ష, కోటి లేవు. మిలియన్లలో చెప్పాలి, కామాలు మూడంకెలకొకటి. పిల్లలు అడగరు. మీరు చెప్పిందే సరైందనుకుని తప్పుగా రాసుకుంటారు. బయటపడేసరికి టర్ము అయిపోతుంది.

రెండోది వేగం. తెలుగువాళ్ల ఇంగ్లిషు వాళ్ల చెవికి గడగడా పరిగెత్తుతుంది. వాక్యానికి వాక్యానికి మధ్య ఆగండి. కొత్త పదం పలకగానే బోర్డు మీద రాయండి. వాళ్ల నోట ల, ర తారుమారవుతాయి. పరీక్ష పేపర్లో “ప్రే” బదులు “ప్లే” కనబడితే భావం చూసి మార్కు వేయండి. నోట్సు డిక్టేషన్ చెప్పే మన అలవాటు అక్కడ పనిచేయదు, సగం స్పెల్లింగులు తప్పుతాయి. పాఠ్యపుస్తకం ముగ్గురు నలుగురికి ఒకటి ఉన్నచోట బోర్డే వాళ్ల పుస్తకం. దాన్ని మూడు నిలువు భాగాలు చేయండి: ఎడమవైపు తేదీ, శీర్షిక, ముఖ్య పదాలు పీరియడ్ చివరిదాకా ఉండాలి, మధ్యలో ఉదాహరణ, కుడివైపు చిత్తుపని. మధ్య భాగం చెరపడానికి ముందు పది నిమిషాలు వదలండి.

మూడోది కోరస్. “ఆర్ వి టుగెదర్?” అంటే క్లాసంతా “యెస్” అంటుంది. ఒక్కరికీ అర్థం కాకపోయినా అంటుంది. పెద్దవాళ్లకు “లేదు” అనడం మర్యాద కాదు. అందుకని ఆ ప్రశ్నే వేయకండి. బోర్డు మీద నాలుగు జవాబులు రాసి, అంకె వేసి, సరైన దాని అంకెను వేళ్లతో ఛాతీకి ఆనించి చూపమనండి. చెయ్యి పైకెత్తితే పక్కవాణ్ని చూసి మారుస్తారు; ఛాతీ దగ్గరైతే ఎదురుగా ఉన్న మీకే కనబడుతుంది. ఎనభైమందిలో ఎంతమంది తప్పారో పది సెకన్లలో తెలుస్తుంది. సగం మంది తప్పితే మళ్లీ చెప్పండి. పదిమందిలోపైతే వాళ్లను చివరి పది నిమిషాల్లో ముందు బెంచీకి పిలవండి. 40 నిమిషాల పీరియడ్‌లో పాత పాఠం ఐదు, కొత్త ఉదాహరణ పది, పిల్లల సొంత లెక్కలు పదిహేను, మిగతాది ఇందుకు. మీరు మాట్లాడేది పావుగంట దాటకూడదు.

డిసెంబరు నుంచి మార్చి వరకు రేకుల కప్పు మీద వాన పడితే మీ గొంతు మొదటి వరుసకు కూడా వినిపించదు. అరవకండి, మాట లేకుండా నడిచే పాఠం ఒకటి ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకోండి: బోర్డు మీద చేసిన ఉదాహరణ, కింద క్రమంగా కష్టమయ్యే పది లెక్కలు. జనవరి నుంచి కొత్త మొక్కజొన్న కోతకొచ్చే దాకా ఇళ్లలో తిండి గింజలు అయిపోతాయి. అప్పుడు హాజరు పడిపోతుంది, వచ్చినవాళ్లు తల వాల్చేస్తారు. అది బద్ధకం కాదు. కష్టమైన పాఠాలను అక్టోబరు, నవంబరుల్లోనో మే నెలలోనో పెట్టుకుంటే ఆ నెలలను పునశ్చరణకు వాడవచ్చు.

ల్యాబు లేని చోట రసాయనశాస్త్రం ఆగనక్కర్లేదు. ఎర్ర మందారపూలు ఐదారు తీసుకుని రేకలను గ్లాసు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడగట్టండి. ఆమ్లంలో గులాబీ ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ. కట్టెబూడిద రెండు గుప్పిళ్లు లీటరు నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచి తేర్చితే క్షారం, నిమ్మరసం ఆమ్లం. బూడిద నీళ్లు 10 మిల్లీలీటర్లు గ్లాసులో పోసి, ఐదారు చుక్కల మందార నీళ్లు కలిపి, సూది తీసేసిన సిరంజితో నిమ్మరసం చుక్కచుక్కగా వేయిస్తే టైట్రేషన్ అయినట్టే. సిరంజిలో గాలిబుడగ ఉంటే అర మిల్లీలీటరు తేడా వస్తుంది. బుడగ పోయాకే మొదటి కొలత రాయించండి. నిమ్మరసంలో తొనలు ఉంటే మూతి మూసుకుపోతుంది, గుడ్డతో రెండుసార్లు వడగట్టాలి. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వాడకండి. బూడిద నీళ్లు కంట్లో పడితే మంట పుడుతుంది కాబట్టి కడుక్కోవడానికి బకెట్ నీళ్లు పక్కనే ఉంచండి. మందార నీళ్లు రెండో రోజుకు పాడవుతాయి, ఏ రోజుకు ఆ రోజు చేసుకోవాలి.

బెత్తం జోలికి వెళ్లొద్దు. పక్క క్లాసులో చూసినా, మన బడుల్లో అలవాటైనా సరే. అలాగే పిల్లల చేత మీ ఇంటికి నీళ్లు మోయించుకోవడం, గడ్డి కోయించుకోవడం వద్దు. కొందరు టీచర్లు చేయిస్తారు, మీరు ఊళ్లో పెద్దమనిషికి కూలి ఇచ్చి చేయించుకోండి. విద్యార్థిని ఎవరినీ ఒంటరిగా ఇంట్లోకి రానివ్వకండి. ట్యూషన్ అయినా ప్రార్థన అయినా తలుపు తెరిచిన క్లాసులో, మరో పెద్దవాళ్లు కనబడేచోటే. ఫోన్ నంబర్లు పిల్లలతో పంచుకోవడం కూడా సంస్థ నియమం చూసుకున్నాకే.

ఆదివారం

ఆరాధన రెండు మూడు గంటలు సాగుతుంది. కోయర్ తర్వాత కోయర్ పాడతారు. మనలా గుడి బయట చెప్పులు విడవరు, బెంచీల మీద కూర్చుంటారు. చెప్పులు వదిలి లోపలికి వెళ్తే తిరిగొచ్చేసరికి పిల్లలు చుట్టూ చేరి నవ్వుతుంటారు. కానుక వేయడానికి వరుసగా పాడుతూ ముందుకు నడుస్తారు. విదేశీయుడు పెద్ద నోటు వేస్తే అందరికీ కనబడుతుంది, తర్వాతి వారం అదే కొలత అవుతుంది. తోటి టీచరు వేసేంత వేయండి.

ముందు చెప్పకుండానే వాక్యం చెప్పమంటారు. పది నిమిషాల సందేశం ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. అనువాదకుడు పక్కనుంటాడు కాబట్టి ఇరవై నిమిషాలవుతుంది. వాక్యం పూర్తిచేసి ఆగాలి. మన ప్రసంగాల్లోలా సగం వాక్యంలో స్వరం పెంచి ఆపితే చిచెవాలో దాన్ని తిప్పలేరు. ప్రాసలు, మాటల విరుపులు వదిలేయండి.

మిషన్ బడిలో ముస్లిం పిల్లలూ ఉంటారు, మాంగోచి, మాచింగ వైపు చాలామంది. వాళ్ల తల్లిదండ్రులు చదువు కోసం పంపారు. లెక్కల పీరియడ్‌ను సాక్ష్యానికి వాడకండి, ప్రార్థనకు రాలేదని మార్కులో మర్యాదలో తగ్గించకండి. ఊళ్లో చావు జరిగితే మాత్రం ఎవరి ఇంట్లోనైనా తప్పక వెళ్లండి. క్లాసు పోయినా సరే. బడి తరఫున చందా వేస్తారు, మీ వంతు వేసి, ఆడవాళ్లు ఆడవాళ్లతో నేల మీద, మగవాళ్లు బయట మగవాళ్లతో కూర్చోవాలి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, అక్కడ ఉండటమే ముఖ్యం.

డబ్బు అడిగితే, ఫొటో తీస్తే

హాస్టల్ ఖర్చు, యూనిఫాం, తల్లి వైద్యం. అడుగుతారు, నిజంగా అవసరమే అయి ఉంటుంది. ఒక పిల్లవాడి చేతికి నేరుగా ఇస్తే మర్నాడు పదిమంది గుమ్మంలో ఉంటారు, పైగా ఆ పిల్లవాడి మీద మీకు లేనిపోని పెత్తనం వస్తుంది. టర్ముకింత అని ముందే నిర్ణయించుకుని బడి సహాయ నిధికి రసీదు తీసుకుని ఇవ్వండి. ఎవరికి అవసరమో హెడ్‌టీచరు, కమిటీ చూస్తారు. మీ పేరు చెప్పొద్దనండి. తోటి టీచర్లకు అప్పులు కూడా ఇదే లెక్క; జీతాలు ఆలస్యమయ్యే నెలల్లో అడుగుతారు. తిరిగి రాకపోయినా బాధపడని మొత్తం మించి ఇవ్వకండి.

ఇక్కడి సంఘానికి నెలనెలా ప్రార్థన ఉత్తరం రాస్తారు కదా. అందులో చిరిగిన చొక్కా, చీమిడి ముక్కు ఫొటోలు వద్దు. ఏ ఫొటో అయినా బడి అనుమతితో, పిల్లల పేరూ ఊరూ లేకుండా. ఎంతమంది రక్షణ పొందారని అంకెలు అడుగుతారు. వాళ్ల తాతల కాలం నుంచి విశ్వాసులైన పిల్లల్ని మీ లెక్కలో వేసుకోకండి. ఏ పాఠాలు చెప్పారో, ఏం ఆగిపోయిందో, ఏం కావాలో రాయండి. ఆ ఉత్తరం మీ హెడ్‌టీచరు చదివినా సిగ్గుపడకుండా ఉండాలి. ఈ రోజుల్లో అనువదించుకుని చదువుతారు కూడా.

తిరుగు ప్రయాణం

చివరి టర్ములో మీ క్లాసులను పక్క టీచరుకు వారానికొకటి చొప్పున అప్పగిస్తూ, మీరు వెనక బెంచీకి మారండి. ప్రశ్నపత్రాలు, ప్రయోగాల పద్ధతులు, రికార్డు పుస్తకం కాగితం మీద ఇచ్చి వెళ్లండి. పెన్‌డ్రైవులో పెట్టి ఇస్తే కరెంటు లేని రోజు ఎవరికీ పనికిరావు. కుక్కరు, దోమతెర, సోలార్ దీపం వంటివి ఎవరికిస్తారో హెడ్‌టీచరుతో ముందే మాట్లాడండి. లేకపోతే చివరి రోజు ఇంటి ముందు చిన్న తగువే జరుగుతుంది.

ఇంటికొచ్చాక డాక్సీసైక్లిన్ లేదా మెఫ్లోక్విన్ నాలుగు వారాలు ఆపకండి. చాలామంది హైదరాబాదులో దిగిన రోజే ఆపేస్తారు. తర్వాత మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా డాక్టరుకు మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పి, ఫాల్సిపేరం పరీక్ష అడగండి. చెప్పకపోతే ఇక్కడ డెంగీకో టైఫాయిడ్‌కో పరీక్షలు రాస్తారు, విలువైన రెండు రోజులు పోతాయి. సరస్సులో దిగి ఉంటే, దిగిన ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాక బిల్హార్జియాకు రక్త, మూత్ర, మల పరీక్షలు చేయించండి. ముందే చేయిస్తే ఉన్నా కనబడదు. తేలితే ప్రాజిక్వాంటెల్, బరువును బట్టి కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున, డాక్టరు రాసిస్తారు.